బడి విడిచిన పిమ్మట ఒక గంట

పాఠశాలలో ఉపాధ్యాయుడు చెప్పునది పాఠము. దానిని బాలుడు తన చేతితో చేసి చూచుకొనునది సాధన. ఈ రెండింటికి నడుమ నిలువవలసినది బాలల సంఘము. క్లబ్బు అని పిలిచినను, మండలి అని పిలిచినను, బృందమని పిలిచినను దాని ప్రయోజనమొక్కటే. తరగతిలో వినినదానిని పనిలో పెట్టించుట, తరగతిలో చోటు దొరకని ప్రజ్ఞకు చోటు చూపుట. 6, 7, 8 తరగతుల బాలబాలికలకు ఇట్టి సంఘములు ఎట్లుండవలెనో, ఏ పనులు వారికి తగియుండునో, వానిని నడుపుటలో గమనింపవలసినదేమో ఇచట విచారింపబడుచున్నది.

ఈ ప్రాయమే ఏల?

5వ తరగతి వరకు బాలునకు ఒకరిద్దరే ఉపాధ్యాయులు. వారు వాని ఇంటి సంగతి ఎరుగుదురు, వాని చేతివ్రాత ఎరుగుదురు. 6వ తరగతిలో అడుగిడగానే గంటకొక ఉపాధ్యాయుడు, విషయమునకొక పుస్తకము. పలువురు పిల్లలు పొరుగూరి బడికి నడచియో, బస్సెక్కియో రావలసివచ్చును. తెలిసిన ముఖములు తగ్గి, తెలియని మాటలు పెరుగును. 11 మొదలు 14 ఏండ్ల వరకుండు ఈ ప్రాయముననే ‘నాకు లెక్కలు రావు’, ‘నాకు చదువు అబ్బదు’ అను మాటలు పిల్లల నోట స్థిరపడును. ఒకమారు స్థిరపడిన పిమ్మట వానిని తుడిచివేయుట కష్టము.

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు 8వ తరగతి వరకు చదువు హక్కుగా నిచ్చినది ఆ చట్టము. 8వ తరగతి గడప దాటి ముందుకు సాగుటయో, అచటనే ఆగిపోవుటయో తేలునది ఈ మూడేండ్లలోనే. ఆ చట్టమే 6, 7, 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినములు, 1000 బోధనగంటలు ఉండవలెనని నిర్ణయించినది. ఆ వేయి గంటలలో ‘నేను పనికిరాను’ అని నేర్చుకొనిన బాలునకు, వారమునకు రెండు గంటలైనను ‘నేను లేనిదే ఈ పని జరుగదు’ అను అనుభవము కలుగవలదా? సంఘము యొక్క అంతస్సారము ఇదియే. తక్కినవన్నియు దీనికి అంగములు.

పూర్వోదాహరణములు

బడి వెలుపలి సంఘములు నేటి కల్పనలు కావు. 1902 జనవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, క్లార్క్ కౌంటీలో, ఎ. బి. గ్రాహం అను పాఠశాలల పర్యవేక్షకుడు రైతుల పిల్లలను చేర్చి ఒక సంఘమును స్థాపించెను. ఆ పిల్లలు చేసినది ఉపన్యాసములు వినుట కాదు. తమ నేలను పరీక్షించుట, మొక్కజొన్న పెంచుట వారి పని. అటువంటి సంఘములే క్రమముగా పెరిగి ‘ఫోర్-హెచ్’ అను పేర దేశదేశములకు వ్యాపించినవి. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ ద్వీపమున సుమారు 20 మంది బాలురతో శిబిరము నడిపెను. వారిని నాలుగు చిన్నదళములుగా విభజించి, ప్రతిదళమునకు బాలునినే నాయకునిగా నిలిపెను. స్కౌటు ఉద్యమమునకు మూలమైనది ఆ ఏర్పాటే.

తెలుగువారికి ఇంతకంటె సన్నిహితమైన ఉదాహరణము కలదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను రేడియో అన్నయ్య, అక్కయ్య అని పిలువని ఆనాటి పిల్లలు అరుదు. రేడియోలో పిల్లల కార్యక్రమమును పిల్లలచేతనే పలికించిన ఘనత వారిది. వారు నెలకొల్పిన ఆంధ్ర బాలానంద సంఘము, 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక ఆ కృషికి ఫలములు.

ఈ మూడింటి యందును సమానమైనది ఒక్కటే. పెద్దలు పిల్లలకొరకు ప్రదర్శన చేయలేదు, పిల్లలకు పనిని అప్పగించిరి. ఒకచోట ఆ పని పంట, ఒకచోట దళము, ఒకచోట గొంతు.

సంఘమునకు మూడు లక్షణములు

మంచి సంఘమునకు మూడు లక్షణములు ఉండవలెను. మొదటిది నిజమైన పని. ఆ పని చేయకున్నచో ఎవరికో ఒకరికి లోటు కనబడవలెను. రెండవది ప్రతివానికి వంతు. చురుకైనవారు నలుగురు చేయుచుండగా ఇరువది మంది చూచుచున్నచో అది సంఘము కాదు, సభ. మూడవది నిలిచియుండు ఫలము. ఏడాది చివర చేతితో పట్టి చూపదగిన పుస్తకమో, పట్టికయో, వస్తువో మిగులవలెను. ఈ మూడును గల పనులు, పెద్దవ్యయము లేనివి, ఐదింటిని ఈ క్రింద వివరింపబడినవి.

1. వాన లెక్కల సంఘము

అడుగు సమముగాను, ప్రక్కలు నిటారుగాను ఉన్న గాజుపాత్ర ఒకటి, మిల్లీమీటరు గీతలు గల కొలబద్ద ఒకటి చాలును. పాత్రను చెట్టుక్రింద గాని గోడప్రక్క గాని ఉంచరాదు. ఆరుబయట, గాలికి పడిపోకుండ ఇటుకల నడుమ నిలుపవలెను. పాత్ర మూతి ఎంత వెడల్పైనను, అడుగువరకు అదే వెడల్పున్నచో నిలుచు నీటి ఎత్తు మారదు. ఈ సంగతిని పిల్లలకు ముందుగా చెప్పరాదు. చిన్నపాత్ర, పెద్దపాత్ర ప్రక్కప్రక్కన ఉంచి, వాన పిమ్మట వారినే కొలువనీయవలెను.

భారత వాతావరణ శాఖ వర్షమును ఉదయము 8.30 గంటలకు కొలిచి, ఆ 24 గంటల లెక్కగా వ్రాయును. 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పడిన దినమే ఆ శాఖ లెక్కలో ‘వాన దినము’. బడికి దగ్గర ఇండ్లున్న పిల్లలు వంతులవారీగా ఉదయము కొలిచి, పాత్రను బోర్లించి, అంకెను చీటీపై వ్రాయుదురు. సాయంకాలపు గంటలో సంఘము దానిని పుస్తకమున ఎక్కించి, గోడపై పటము గీయును. చదరపు మీటరు నేలపై 1 మిల్లీమీటరు వాన పడినచో అది 1 లీటరు నీరు. బడి పైకప్పు 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గలదైనచో 25 మిల్లీమీటర్ల వానకు దానిపై పడు నీరు 3000 లీటర్లు. వైశాల్యపు లెక్క ఎందులకని అడుగు బాలునకు ఇంతకంటె సమాధానమేమి కావలెను?

ఈ సంఘమున నేర్పవలసిన మరియొక పాఠము సత్యనిష్ఠ. ఒకనాడు కొలుచుట మరచినచో ఆనాటి గడిలో సున్న వ్రాయరాదు. సున్న అనగా కొలిచి చూడగా వాన లేదని అర్థము. కొలువని దినమునకు ‘కొలువలేదు’ అని వ్రాయవలెను. మరునాటి అంకె రెండుదినముల మొత్తమని గుర్తు పెట్టవలెను. ఖాళీగడిని ఖాళీగా చూపుటకు సిగ్గుపడని బాలుడు పెద్దవాడైన పిమ్మట ఏ కచ్చేరిలో కూర్చున్నను తప్పుడులెక్క వ్రాయుటకు జంకును.

2. మాటల సేకరణ సంఘము

ఊరిలోని ప్రతివృత్తికి దానిదే యైన పదజాలము కలదు. నాగలి పట్టినవానికి మేడి, కర్రు, కాడి తెలియును. మగ్గముపై కూర్చున్నవానికి పడుగు, పేక, నాడె, కండె, పన్నె తెలియును. కుమ్మరికి సారె, ఆవము తెలియును. ఈ పదములు పాఠ్యపుస్తకములలో అరుదు. పనిముట్టు మూలపడిన నాడు పదమును మూలపడును. ఈ లోటును గుర్తించియే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తిపదకోశము’ను ప్రకటించినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదముల సంపుటము 1962లో, చేనేత పదముల సంపుటము 1971లో వెలువడినవి. అందులకై పరిశోధకులు పల్లెలకు పోయి, రైతులను, నేతగాండ్రను అడిగి పదములు వ్రాసికొనిరి. పెద్దలు చేసిన ఆ పనిని చిన్నమేరకు పిల్లలును చేయగలరు.

పోస్టుకార్డంత చీటీపై ఐదు విషయములు వ్రాయవలెను: పదము, దాని అర్థము, పదము వాడు వృత్తి, వినిన ఊరు, చెప్పినవారి నోట వచ్చినట్లే ఒక వాక్యము. వస్తువైనచో బొమ్మ గీయవలెను. చీటీలను వారమున కొకమారు అకారాదిగా పేర్చవలెను. వర్ణమాల క్రమము 8వ తరగతి వారికి సైతము స్థిరపడు మార్గము ఇది. ఒకే వస్తువునకు రెండూళ్లలో రెండు పేర్లున్నచో రెండును ఉంచవలెను. ఏది ఒప్పు, ఏది తప్పు అని తీర్పు చెప్పరాదు.

వంటింటి మాటలు తక్కువవి కావు. దంచుట రోటిలో రోకలితో, నూరుట రాతిపై ముద్దగా, రుబ్బుట నీటితో నానినదానిని, విసరుట తిరుగలిలో పొడిగింజను. నాలుగు క్రియలు, నాలుగు పనులు. మరయంత్రము వచ్చి నాలుగింటిని ఒక్కటి చేసినది. ఈ భేదమును తన అవ్వనడిగి వ్రాసి తెచ్చిన బాలిక ఆ దినమున తరగతికంతటికి ఉపాధ్యాయురాలు. నేతగాని కుమారుడు మార్కులలో వెనుకబడినవాడే కావచ్చును. కాని పడుగునకు, పేకకు భేదము చెప్పవలసి వచ్చినపుడు భాషాపండితుడు సైతము వానివైపే చూడవలెను. తన ఇంటిపని అవమానము కాదు, విద్య అని ఆ బాలునకు తోచు క్షణము కొరకే ఈ సంఘము.

2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతుల వారికి పుస్తకసంచి లేని 10 దినములను సూచించుచు, ఆ దినములలో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి వృత్తికారుల చెంత నేర్చుకొనవచ్చునని చెప్పినది. పదముల చీటీలు చేతనున్న పిల్లలకు ఆ దినములు విహారముగా గాక విద్యగా పరిణమించును.

3. గ్రంథాలయ సంఘము

విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు గ్రంథాలయముండవలెననియు, అందు వార్తాపత్రికలు, కథలపుస్తకములు, అన్ని విషయముల గ్రంథములు ఉండవలెననియు విధించినది. పెక్కుచోట్ల బీరువా కలదు, దానికి తాళమును కలదు. పుస్తకము పోయినచో జవాబు చెప్పవలసివచ్చునను భయమే ఆ తాళమునకు మూలము. ఆ భయమును పోగొట్టునది చక్కని పద్దు. పుస్తకపు సంఖ్య, పేరు, తీసికొనినవారి పేరు, తీసికొనిన తేది, తిరిగియిచ్చిన తేది. ఈ ఐదు గళ్ల పుస్తకమును 7వ తరగతి పిల్లలు ఏ లోటును లేక నడుపగలరు. చినిగిన పుటలకు ఉడికించిన మైదాజిగురుతో పలుచని కాగితము అంటించుట, అట్టలు వేయుట 6వ తరగతి వారి వంతు. ఏ పుస్తకము ఎక్కువమంది చదివిరో నెలకొకమారు లెక్క తీసి గోడపై వ్రాయుట 8వ తరగతి వారి వంతు. చదువరుల చేతులలో నలిగి పోయిన పుస్తకము కంటె, బీరువాలో చెదలు తినిన పుస్తకమే పెద్దనష్టము.

4. ఆటల లెక్కల సంఘము

అష్టాచెమ్మ, పులిమేక, వామనగుంటలు వట్టి కాలక్షేపములని తోసివేయదగినవి కావు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేయుదురు. నాలుగును వెలికిల పడినచో చెమ్మ, నాలుగును బోర్ల పడినచో అష్ట. ఊరిని బట్టి కట్టుబాట్లు కొంత మారవచ్చును. గవ్వ వెలికిల పడుటకు, బోర్ల పడుటకు సమానావకాశమున్నదని తలచినచో మొత్తము 16 విధములు. అందు అష్టకు ఒక్కటి, చెమ్మకు ఒక్కటి, రెండు వెలికిల, రెండు బోర్ల పడుటకు ఆరు. అయితే గవ్వ నాణెము వంటిది కాదు. దాని రెండు ప్రక్కలు సమానము కావు. కావున పిల్లలు జట్లుగా 200 మారులు వేసి, వచ్చిన ఫలితములను గీతలతో లెక్కించి, 16 విధముల లెక్కతో పోల్చి చూడవలెను. రెండును సరిపోలనపుడు ఏల సరిపోలలేదని అడుగుటతోనే శాస్త్రము ఆరంభమగును.

పులిమేకలో సాధారణముగా 3 పులులు, 15 మేకలు. మేకలను 14 చేసినచో ఎవరు గెలుతురు? 12 చేసినచో? పదేసి ఆటలాడి ఫలితములు పట్టికగా వ్రాయవచ్చును. లెక్కలనిన బెదరు పిల్లలు ఈ ఆటలో ముందుకు వచ్చి కూర్చుందురు. తాము చేయుచున్నది లెక్కయే అని వారికి పిమ్మట చెప్పిన చాలును.

5. గోడపత్రిక సంఘము

పక్షమున కొక పెద్ద కాగితము, పిల్లల చేతివ్రాత. ముద్రిత పత్రికల నుండి కత్తిరించి అంటించినది గోడపత్రిక కాదు. ప్రతి సంచికలోను ఊరి వార్త ఒకటి తప్పక ఉండవలెను. ఆ వార్తను కనీసము ఇద్దరు పెద్దలనడిగి నిర్ధారించుకొనవలెను. వాన సంఘపు పటము, మాటల సంఘపు కొత్తపదములు, గ్రంథాలయ సంఘపు పట్టిక ఈ పత్రికలోనే వెలువడవలెను. అపుడు ఐదు సంఘములు ఒక కుటుంబమగును. అక్షరదోషములను ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దరాదు. పిల్లలలోనే ఇద్దరు దిద్దరులుగా ఉండి, నిఘంటువు చూచి, కాగితమెక్కక మునుపే సవరింపవలెను.

మిగిలిపోవువారెవరు?

సంఘముల మేలు చెప్పినంత మాత్రమున చాలదు. బడి విడిచిన గంటలో ఎవరు ఉండగలరో, ఎవరు ఉండలేరో చూడవలెను. తమ్ముని ఎత్తుకొనవలసిన బాలిక ఉండలేదు. ఉన్న ఒక్క బస్సు దాటిపోయినచో ఇల్లు చేరలేని బాలుడు ఉండలేడు. పశువులను ఇంటికి తోలుకొని రావలసినవాడు ఉండలేడు. సంఘము ఎవరికి ఎక్కువ అవసరమో వారే వెలుపల మిగులుదురు. ఈ సంగతి గమనింపని సంఘము, ఉన్నవారికే మరికొంత ఉంచి పెట్టునట్టిదగును.

కావున పనిని గంటతో ముడివేయరాదు, మనిషితో ముడివేయవలెను. బస్సు పిల్లలకు మధ్యాహ్న విరామములో అరగంట గాని, శనివారము కడపటి పీరియడు గాని ఇయ్యవచ్చును. పదముల చీటీని ఇంటివద్దనే వ్రాయవచ్చును. సాయంకాలము నిలువలేని బాలికయే వంటింటి మాటలకు మేటి సేకర్త కాగలదు. గ్రంథాలయపు పద్దును విరామవేళ నడుపవచ్చును. హాజరు పుస్తకమున ‘రాలేదు’ అని గుర్తు పెట్టుటకు బదులు ‘ఏమి చేసి తెచ్చెను’ అను గడి ఉండవలెను. సాయంకాలము నిలుచు పిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరవలెను. ఒక వీధివారు జట్టుగా పోవలెను. ఏయే దినములలో, ఎన్ని గంటల వరకు పిల్లలు నిలుతురో తల్లిదండ్రులకు ముందుగనే జాబు వ్రాసి, వారి అంగీకారము పొందవలెను.

నడుపు విధము

ఒక్కమారుగా ఐదును ప్రారంభింపరాదు. జూన్‌లో గోడపై పన్నెండు సంఘముల పేర్లు వ్రాసి, ఆగస్టునాటికి ఒక్కటియు మిగులని బడులు కలవు. మొదటి ఏడు రెండు చాలును. వానకాలముతో బడి తెరచుకొనును గనుక వాన లెక్క ఒకటి, పద్దు అవసరము గనుక గ్రంథాలయము ఒకటి. సంఘమునకు 15 మొదలు 20 మంది మించరాదు. వారిని ఐదుగురేసి జట్లు చేసి, ప్రతిజట్టులోను మూడు తరగతులవారిని కలుపవలెను. జట్టు నాయకత్వము నెలనెలకు మారవలెను. లేనిచో నోరుగలవారే ఏడాదంతయు నాయకులగుదురు.

గంటను మూడు భాగములు చేయవచ్చును. మొదటి 10 నిమిషములు పోయినమారు జరిగినదానిని ఒకరు చదువుట. నడుమ 40 నిమిషములు పని. చివరి 10 నిమిషములు నేటి పనిని పుస్తకమున వ్రాయుట, వస్తువులు సర్దుట, ఊడ్చుట. సర్దుట, ఊడ్చుట అందరి వంతు. బాలికలకు చీపురు, బాలురకు పుస్తకము అను పంపకము ఎన్నడును కూడదు.

మార్కులు వేయరాదు. మార్కు వేసిన మరుక్షణమే సంఘము మరియొక తరగతి యగును. ఈ గంటను ట్యూషనుకు, మిగిలిపోయిన పాఠములకు అప్పు ఇయ్యరాదు. అప్పుపోయిన గంట తిరిగి రాదు.

ఉపాధ్యాయుని స్థానము

సంఘమున ఉపాధ్యాయుని స్థానము బల్లయెదుట కాదు, బల్లప్రక్కన. ప్రశ్న వచ్చినపుడు వెంటనే జవాబు చెప్పకుండుట కష్టమైన విద్య. ‘కొలిచి చూడుము’, ‘అవ్వనడిగి రమ్ము’, ‘నిఘంటువు తీయుము’ అను మూడుమాటలు సంఘపు ఉపాధ్యాయునకు చాలవరకు సరిపోవును. తనకు తెలియని పదమును బాలుడు తెచ్చినపుడు దానిని తన పుస్తకమున వ్రాసికొనుట పిల్లలు చూడవలెను. చెప్పువాడే నేర్చుకొనుచున్నాడని తెలిసినచోట నేర్చుకొనుటకు ఎవ్వరును సిగ్గుపడరు.

ఏడాది ముగిసిన పిమ్మట వానపుస్తకము, చీటీలపెట్టె, గ్రంథాలయపు పద్దు, ఆటల పట్టికలు, గోడపత్రికల కట్ట మిగులును. వానిని పారవేయక, మరుసటి ఏడు 6వ తరగతిలో చేరు పిల్లలచేతికి 8వ తరగతి వారు స్వయముగా అప్పగింపవలెను. అపుడు కొత్తగా చేరిన బాలుడు, తెలియని ముఖముల నడుమ నిలిచి, మొదటిదినముననే తనకొక పని యున్నదని తెలిసికొనును. ఆ పుస్తకములో వాని వ్రాతకై ఒక గడి ఖాళీగా ఎదురుచూచుచుండును.